జింఖానా మైదానం చూసిన యుద్ధం

అండమాన్ దీవుల్లోని ఈ పోర్ట్‌బ్లెయిర్ ఊళ్ళో నేతాజీ స్టేడియం తెలియనివారు ఉండరు. పాతకాలం వాళ్ళకు అది జింఖానా మైదానం. 1943 డిసెంబరు 30న సుభాష్ చంద్రబోస్ అక్కడ జాతీయ జెండా ఎగరేశారు. ఆ తర్వాత రెండేళ్ళు నిండకుండానే, 1945 అక్టోబరులో, అదే మైదానంలో జపాన్ సేనలు లొంగిపోయాయి. జెండా ఎగరేసిన రోజును ఏటా పండగలా జరుపుకుంటాం. జరుపుకోవాలి కూడా. కానీ జపాన్ ఏలుబడి సాగిన మూడున్నరేళ్ళూ ఈ దీవుల్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికినవాళ్ళ గురించి మనం చాలా తక్కువ మాట్లాడుకుంటాం. ఈ పూట నేను వాళ్ళ గురించి చెబుతాను.

జాతీయవాదం, యుద్ధం, యుద్ధం ముగిశాక ఒక ప్రాంతం కుదుటపడడం అనగానే చదువుకున్నవాళ్ళకు ఆగ్నేయ ఐరోపా గుర్తొస్తుంది. యుగోస్లావియా, క్రొయేషియా, బోస్నియా గుర్తొస్తాయి. వాటి సంగతికీ వస్తాను. ముందు మన దీవుల కథ వినండి. అక్కడ అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడా అడగవలసినవే.

1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్‌బ్లెయిర్‌లో దిగింది. బ్రిటిష్ దళాలు అప్పటికే ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. తుపాకీ పేలకుండానే ఊరు చేతులు మారింది. దొరలు పోయారని జనంలో కొంత సంతోషం కలిగిన మాట నిజం. దాన్ని తప్పు పట్టలేం. 1858 నుంచి ఈ నేల ఖైదీల నేల. 693 గదుల సెల్యులర్ జైలు కట్టించింది ఆ దొరలే. రంప తిరుగుబాటులో శిక్షపడ్డవాళ్ళు ఈ సముద్రం దాటి వచ్చారు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి గారు ఈ జైలులోనే శిక్ష అనుభవించారు. 1937 నిరాహార దీక్షల తర్వాతగానీ రాజకీయ ఖైదీలను తిరిగి ప్రధాన భూభాగానికి పంపలేదు. అలాంటి చోట ఆసియా ఆసియావాసులదే అంటూ ఒక సైన్యం వస్తే, ఆశపడనివారెవరు?

ఆ ఆశ వారం కూడా నిలవలేదు. జపాన్ సైనికులు ఇళ్ళలో చొరబడి కోళ్ళు పట్టుకుపోతుంటే జుల్ఫికర్ అలీ అనే కుర్రవాడు గాలితుపాకీ పేల్చాడు. అతన్ని అబర్డీన్‌లో అందరూ చూస్తుండగా చిత్రహింసలు పెట్టి చంపారు. మేజర్ బర్డ్ అనే బ్రిటిష్ అధికారిని అలాగే బహిరంగంగా తల నరికి చంపారు. చూడడానికి జనాన్ని పిలిపించి మరీ చేశారు. కొత్త ఏలికలు ఎలాంటివాళ్ళో ఊరికి తెలియజెప్పడమే ఆ పిలుపు ఉద్దేశం.

తర్వాత గూఢచారి కేసులు మొదలయ్యాయి. నన్నడిగితే ఈ దీవుల చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన ఘట్టం ఇదే. చుట్టుపక్కల సముద్రంలో జపాన్ ఓడలు మునిగిపోతున్నాయి. ఎవరో సమాచారం అందిస్తున్నారని జపాన్ అధికారులకు అనుమానం. వాళ్ళు ఊళ్ళో చదువుకున్నవాళ్ళ మీద పడ్డారు. గుమాస్తాలు, వైద్యులు, పోలీసు ఉద్యోగులు, బడిపంతుళ్ళు. పట్టుకున్నవాణ్ణి చిత్రహింసలు పెడితే అతను ఇంకో పేరు చెప్పేవాడు. ఆ రెండోవాణ్ణి తెచ్చి కొడితే మూడో పేరు. అసలు సంగతి ఏమిటంటే, 1943 జనవరిలో డెనిస్ మెకార్తీ అనే బ్రిటిష్ అధికారి జలాంతర్గామిలో వచ్చి, కొద్దిమందితో అడవిలో దిగాడు. యుద్ధానికి ముందు ఇదే ఊళ్ళో పోలీసు అధికారిగా పనిచేసినవాడు. రహస్యంగా సమాచారం సేకరించడానికి వచ్చినవాళ్ళు ఆ అడవిలో ఉన్నారు. సెల్యులర్ జైలు గదుల్లో గోళ్ళు ఊడబెరికించుకున్నవాళ్ళకు అలాంటివాళ్ళు వచ్చారన్న సంగతే తెలియదు.

డాక్టర్ దివాన్ సింగ్ గారి కథ మీలో కొందరికైనా తెలిసి ఉంటుంది. పంజాబీ కవి, వైద్యుడు. భారత స్వాతంత్ర్య లీగుకు ఇక్కడ అధ్యక్షుడు. అంటే బోస్ పక్షాన నిలిచినవాడే, స్వరాజ్యం కోరుకున్నవాడే. ప్రజల తరఫున జపాన్ అధికారులకు ఎదురు చెప్పాడు. 1943 అక్టోబరులో ఆయనను అరెస్టు చేశారు. రెండున్నర నెలలకు పైగా హింసించారు. 1944 జనవరి 14న సెల్యులర్ జైలులోనే చనిపోయారు.

ఈ తేదీలను జింఖానా మైదానం తేదీ పక్కన పెట్టి చూడండి. బోస్ జెండా ఎగరేసిన రోజున దివాన్ సింగ్ గారు అదే ఊళ్ళో, జైలు గోడల వెనక కొన ఊపిరితో ఉన్నారు. బోస్ సెల్యులర్ జైలు చూడడానికి వెళ్ళారు కూడా. ఆ పర్యటన పొడుగునా చుట్టూ ఉన్నవాళ్ళు జపాన్ అధికారులే. ఆయనకు ఏది చూపించాలో వాళ్ళే చూపించారు. అండమాన్‌కు షహీద్ అని, నికోబార్‌కు స్వరాజ్ అని పేర్లు పెట్టి బోస్ వెళ్ళిపోయారు. తర్వాత బోస్ ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున చీఫ్ కమిషనర్‌గా లోకనాథన్ గారు వచ్చారు. పదవి పెద్దదే, చేతికి దక్కింది మాత్రం విద్యాశాఖ. పోలీసు విభాగాన్ని జపాన్ వాళ్ళు వదల్లేదు. పోలీసులు తన చేతిలో లేనప్పుడు ఆయన ఎవరిని కాపాడగలరు? కొన్ని నెలలకే ఆయన తిరిగి వెళ్ళిపోయారు.

1944 జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులంటూ కాల్చి, అక్కడే గోతిలో పూడ్చేశారు. వాళ్ళలో చాలామంది స్వాతంత్ర్య లీగు సభ్యులే. జెండా ఎగిరి సరిగ్గా నెల రోజులు. ఆ జెండా పక్షాన నిలిచినవాళ్ళు వాళ్ళు.

బోస్ దేశభక్తిని శంకించే హక్కు ఎవరికీ లేదు, నేను శంకించడం లేదు. అయితే ఒక జెండా ఎగిరిన మాత్రాన దాని కింద ఉన్న మనిషి క్షేమంగా ఉన్నాడని కాదు. ఆ రెండూ వేర్వేరు సంగతులు. మొదటిది గట్టిగా చెబుతూ రెండోది నీళ్ళు నమిలితే, చనిపోయిన ఆ 44 మందికీ అన్యాయం చేసినట్టే, బోస్‌కూ అన్యాయం చేసినట్టే. నిజం తెలిస్తే ఆయన ఊరుకునే మనిషి కాదని నా నమ్మకం.

కార్ నికోబార్‌లో ఇంకా ఘోరం జరిగింది. అక్కడ విద్యను, క్రైస్తవ మతాన్ని నిలబెట్టిన జాన్ రిచర్డ్‌సన్ గారి కొడుకులు ఇద్దరిని చంపేశారు. ఆయన చావు అంచుదాకా వెళ్ళి బతికారు. 1952లో ఈ దీవుల నుంచి మొదటి లోక్‌సభకు నామినేట్ అయినది ఆయనే. అంత దుఃఖం మోసినవాడు ఢిల్లీ వెళ్ళి తన దీవికి బడులు అడిగాడు, వైద్యం అడిగాడు. కార్ నికోబార్ హత్యల మీద 1946లో సింగపూర్‌లో బ్రిటిష్ సైనిక న్యాయస్థానం విచారణ జరిపి శిక్షలు వేసింది. అంతవరకైనా జరిగింది.

యుద్ధం చివరి రోజుల్లో, 1945 ఆగస్టులో, దీవులకు తిండి లేదు. మిత్రరాజ్యాల నౌకలు దారులు మూసేశాయి. బియ్యం కనుమరుగయింది. జనం దుంపల మీద బతికారు. విమానాలు దిగడానికి లంబాలైన్‌లో నేల చదును చేయించి, వెట్టి చాకిరీ చేయించారు. ఇప్పుడు మనం విమానం దిగుతున్న చోటు అదే. కొత్త పొలాలు ఇస్తాం, పంటలు పండించుకోండి అని చెప్పి వందలాది మందిని పడవల్లో ఎక్కించి హావ్‌లాక్ వైపు తీసుకెళ్ళారు. తీరానికి దూరంగా సముద్రంలోకి తోసేశారు. ఈదుకుంటూ ఒడ్డెక్కినవాళ్ళు నిర్జన దీవిలో తిండి లేక పోయారు. బతికి బయటపడినవాళ్ళు చాలా కొద్దిమందే. ఎంతమందిని తీసుకెళ్ళారన్న దాని మీద ఇప్పటికీ ఒక్క లెక్క లేదు. మూడు వందలనేవాళ్ళున్నారు, ఏడు వందలనేవాళ్ళున్నారు. 2018లో హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. పర్యాటకులు వెళ్ళే తెల్లని ఇసుక తీరం అది. ఆ నీళ్ళలో పోయినవాళ్ళ పేర్లతో ఒక రాయైనా ఆ రేవులో ప్రతి ప్రయాణికుడి కంటా పడాలి.

ఇక బోస్నియా సంగతి.

యుగోస్లావియాను 1941లో జర్మనీ, ఇటలీ ఆక్రమించుకున్నాయి. క్రొయేషియాలో ఉస్తాషా అనే తీవ్ర జాతీయవాదులకు అధికారం అప్పజెప్పాయి. వాళ్ళు యాసెనోవాట్స్ అనే శిబిరంలో సెర్బులను, యూదులను, రోమా జాతివారిని చంపారు. సెర్బు చెత్నిక్ దళాలు ముస్లింల మీద, క్రొయేట్ల మీద పడ్డాయి. వీళ్ళందరి మీదా నెగ్గింది టిటో నాయకత్వంలోని గెరిల్లాలు. యుద్ధం తర్వాత టిటో ఆరు గణరాజ్యాలతో దేశాన్ని మళ్ళీ కుట్టారు. సోదరభావం, ఐక్యత అన్నది ప్రభుత్వ నినాదం. నెహ్రూకి ఆయన మిత్రుడు, అలీనోద్యమ మొదటి శిఖరాగ్ర సమావేశం 1961లో బెల్‌గ్రేడ్‌లోనే జరిగింది. 35 ఏళ్ళు శాంతి నిలిచింది. ఎలా నిలిచిందంటే, యుద్ధకాలంలో పక్కింటివాడు పక్కింటివాణ్ణి చంపిన సంగతి బయట మాట్లాడకూడదన్న షరతు మీద నిలిచింది. స్మారకాల మీద ఫాసిజం బాధితులు అని రాశారు. ఎవరు చంపారు, ఎవరిని చంపారు అన్నది ఇళ్ళలో, గుసగుసల్లో పెరిగింది.

1980 మేలో టిటో పోయారు. ఆర్థికంగా దేశం చితికింది. అధికారం కావలసిన నాయకులకు ఆ గుసగుసలే పెట్టుబడి అయ్యాయి. యాసెనోవాట్స్‌లో ఏడు లక్షల మంది చనిపోయారని ఒక పక్షం, కాదు కొన్ని వేలేనని ఇంకో పక్షం. యాభై ఏళ్ళ కిందట పోయినవాళ్ళను ప్రతి జాతీ తన సొంత ఆస్తిగా లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. 1991లో స్లొవేనియా, క్రొయేషియా విడిపోయాయి. 1992లో బోస్నియాలో యుద్ధం. అక్కడికి వెళ్ళిన ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు తొలి సేనాధిపతి మన లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్. మూడున్నరేళ్ళలో లక్ష మంది చనిపోయారు. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో కొద్దిరోజుల్లోనే 8 వేల మందికి పైగా ముస్లిం పురుషులను, కుర్రవాళ్ళను చంపారు. ఆ ఏడాది చివర డేటన్ ఒప్పందంతో తుపాకులు ఆగాయి. ముగ్గురు సభ్యుల అధ్యక్ష మండలి, జాతికొక సభ్యుడు. దేశం లోపల రెండు భాగాలు. కొన్ని ఊళ్ళలో ఒకే బడి భవనంలో క్రొయేట్ పిల్లలకు ఒక తలుపు, బోస్నియాక్ ముస్లిం పిల్లలకు ఇంకో తలుపు, వేరు వేరు పాఠాలు. చావులు ఆగాయి, అది చిన్న విషయం కాదు. కలిసి బతకడం మాత్రం ఒప్పందం ఇవ్వలేకపోయింది.

అండమాన్‌లోనూ చిత్రహింసల కింద పక్కింటివాడి పేరు చెప్పినవాళ్ళున్నారు. జపాన్ వాళ్ళకు దుబాసీలుగా, సహాయకులుగా మెలిగినవాళ్ళున్నారు. 1945లో బ్రిటిష్ వాళ్ళు తిరిగొచ్చి ఖైదీల వలసను రద్దు చేశాక, పేరు చెప్పినవాడి కుటుంబం, ఆ పేరు వల్ల చచ్చినవాడి కుటుంబం అదే బజారులో బియ్యం కొనుక్కున్నాయి. అయినా ఇక్కడ పగలు రాజుకోలేదు. ఎందుకు? నాకు తోచింది చెబుతాను.

మొదటి సంగతి, చనిపోయినవాళ్ళు ఒక్క మతానికో ఒక్క భాషకో చెందినవాళ్ళు కారు. జుల్ఫికర్ అలీ, దివాన్ సింగ్, జాన్ రిచర్డ్‌సన్ కొడుకులు. ఈ పేర్లే చెబుతాయి. ఫలానా జాతివాళ్ళు మమ్మల్ని చంపారని ఎత్తి చూపడానికి వీలు లేని దుఃఖం ఇది. దానికి తోడు ఈ దీవుల పాత సమాజమే అలాంటిది. శిక్ష ముగిసిన ఖైదీలు కులం, ప్రాంతం చూడకుండా పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళ పిల్లలు లోకల్ బోర్న్ అయ్యారు, హిందుస్తానీ వాళ్ళ ఇంటి భాష అయింది. అలాంటి ఇంట్లో ఎవరు ఏ జాతి అని లెక్క తీయడం ఎవరి వల్లా కాదు.

ఇంకొకటి కూడా ఉంది, దాన్ని మనం తక్కువ చేయకూడదు. యుద్ధంలో జనం తగ్గిన దీవులకు కొత్తవాళ్ళను రప్పించారు. 1949లో తూర్పు బెంగాల్ శరణార్థులు దాదాపు 200 కుటుంబాలు మహారాజా అనే ఓడలో వచ్చాయి. దేశ విభజన వాళ్ళ ఊళ్ళను మింగేసింది. ఇక్కడ కుటుంబానికి పదెకరాలు, అందులో సగం వరి పొలం, సగం మెరక. పోగొట్టుకున్నవాడికి పగ కన్నా ముందు నాగలి చేతికొచ్చింది. బోస్నియాలో ఇల్లు పోగొట్టుకున్నవాడికి ముందుగా దొరికింది జాతి నాయకుడి ఉపన్యాసం.

మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ తర్వాతే. 1950ల నుంచి శ్రీకాకుళం, విశాఖ తీరాల జాలరి కుటుంబాలు, కూలీలు, మేస్త్రీలు ఓడెక్కారు. 2011 జనగణనలో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు 50 వేల పైచిలుకు, నూటికి 13 మంది. బెంగాలీ నూటికి 28, హిందీ 19, తమిళం 15. సగానికి మించి ఏ భాషా లేదు. తెల్లారగట్ల జంగ్లీఘాట్ వెళ్ళి నిలబడండి. డోంగీల్లోంచి సూర చేపలు దించుతూ ఉత్తరాంధ్ర యాసలో ఒకామె ధర అరుస్తుంది. బెంగాలీ దుకాణదారు హిందీలో బేరమాడతాడు. తక్కెడ పట్టుకున్న తమిళ కుర్రాడు ఇద్దరికీ అర్థమయ్యే మాటలో లెక్క చెబుతాడు. ఇందులో ఎవరూ ఎవరికీ ఉపకారం చేయడం లేదు. చేప అమ్ముడుపోవాలి కాబట్టి అలా జరుగుతుంది. రోజూ ఒకరితో ఒకరికి అవసరం పడే చోట పగ పెంచడం కష్టం. పొద్దున్నే చీలిన బజారుతో ఏ తల్లీ పిల్లలకు అన్నం పెట్టలేదు.

రాజకీయాల్లోనూ ఇది కనిపిస్తుంది. తెలుగుదేశం పార్టీ 2022 పోర్ట్‌బ్లెయిర్ పురపాలక ఎన్నికల్లో రెండు వార్డులు గెలిచింది. మరుసటి ఏడాది భాజపా మద్దతుతో చైర్‌పర్సన్ పదవి ఆ పార్టీకి దక్కింది. భాష పేరుతో ఉన్న పార్టీ కూడా ఇక్కడ ఇతరుల ఓట్లు, ఇతరుల చేతులు కలవకుండా గెలవలేదు. బడుల్లో తెలుగు మాధ్యమం ఉంది, బెంగాలీ ఉంది, తమిళం ఉంది. పిల్లలు వేరు భాషల్లో చదివినా ఆడుకునే మైదానం ఒక్కటే. దీన్ని కాపాడుకోవాలి.

అన్నీ సవ్యంగానే ఉన్నాయని చెప్పి మిమ్మల్ని జోకొట్టను. యుద్ధం వచ్చిన 1942 ఇప్పుడు ఒక గీతగా మారింది. ప్రీ-42 అంటే ఆ ఏడాదికి ముందు నుంచి ఇక్కడ ఉన్నవాళ్ళు. ఇక్కడి వెనుకబడిన తరగతుల జాబితాలో వాళ్ళతో పాటు తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు, మాప్పిళా, కరెన్, భాంతు వర్గాలవాళ్ళు ఉన్నారు. తర్వాత వచ్చిన తెలుగు, తమిళ కుటుంబాలు లేవు. ఒక్కో ప్రభుత్వ ఉద్యోగానికి వందల దరఖాస్తులు వచ్చే చోట ఆ గీత ఎంత పదునుగా ఉంటుందో ఇంట్లో నిరుద్యోగి ఉన్నవాళ్ళకు తెలుసు. ముందు వచ్చినవాళ్ళకు నష్టం జరిగింది, వాళ్ళ హక్కు న్యాయమైనదే. తర్వాత వచ్చి మూడు తరాలైనవాళ్ళు బయటివాళ్ళు కారన్నదీ న్యాయమే. ఈ రెంటినీ మాటలతో పరిష్కరించుకునే ఓపిక మనకు ఉండాలి. ఏ నాయకుడైనా తెలుగువాడి దగ్గరికొచ్చి బెంగాలీ వల్లే నీకు ఉద్యోగం రాలేదంటే, తలుపు వేసేయండి. బోస్నియాలో మొదలైంది అలాంటి మాటలతోనే.

ఇక ఈ శాంతికి అసలు ధర చెల్లించినవాళ్ళు. ఖైదీల వలస పెట్టిన నాటికి ఈ దీవుల ఆదివాసులైన గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవారు. రోగాలు, భూమి ఆక్రమణ కలిసి వాళ్ళను తుడిచిపెట్టాయి. 1961 జనగణనలో మిగిలింది 19 మంది. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే ముసలమ్మ పోవడంతో వాళ్ళ భాషల్లో ఒకటైన బో ఆమెతోనే పోయింది. మనం వరి వేసిన నేల, రోడ్డు వేసిన అడవి ఒకప్పుడు వాళ్ళవి. జార్వా ఆదివాసుల అడవి గుండా వెళ్ళే ట్రంక్ రోడ్డు భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పినా, ఆ దారిన బళ్ళు నడుస్తూనే ఉన్నాయి. మేమందరం కలిసి బతుకుతున్నాం అన్నప్పుడు ఆ అందరిలో వాళ్ళు లేరన్న సంగతి మింగుడుపడనిది. మింగుడుపడకపోయినా చెప్పాలి.

చివరిగా ఒక కోరిక. యుద్ధం తర్వాత చాలా ఏళ్ళకు యాసెనోవాట్స్ స్మారక కేంద్రం లెక్కల గొడవ పక్కన పెట్టి, ఒక్కో పేరు వెతికి జాబితా తయారుచేసింది. 83,145 పేర్లు. ఊరు, పుట్టిన సంవత్సరం, ఎలా పోయారు. పేరు ఉన్న చోట అంకెను పెంచడానికీ తుంచడానికీ వీలుండదు. హావ్‌లాక్ నీళ్ళలో పోయినవాళ్ళకు అలాంటి జాబితా లేదు. ఆ రోజుల నాటివాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళ పిల్లలు డెబ్బైలు దాటారు. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటి పెద్దలుంటే వెంటనే కూర్చోబెట్టి అడగండి. ఏ రేవులో ఎక్కించారు, ఎవరెవరు ఎక్కారు, వెనక్కి రానివాళ్ళ పేర్లేమిటి. మన తెలుగు మాధ్యమం బడుల ఉపాధ్యాయులు పై తరగతుల పిల్లలకు ఈ పని అప్పగిస్తే, బెంగాలీ, తమిళ, హిందీ బడులవాళ్ళు కూడా చేయి కలుపుతారు. ఒక్కో పేరు రాసి, చెప్పినవారి వివరం పక్కన పెట్టి, సెల్యులర్ జైలు స్మారకానికి అందజేయండి. వచ్చే జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందికి నివాళి ఇచ్చే వేళకు ఆ జాబితాలో కనీసం మొదటి పుట నిండాలి.